ముసలి బండి కాశీ వెళుతుందా?

పిల్లలూ, ఈ నెల మనకు గుడివాడ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినది ఏడో తరగతి చదువుతున్న అమ్మాయి. వాళ్ళ నాన్నగారూ, బాబాయీ కలిసి ఒక పాత టెంపో ట్రావెలర్ వ్యాను కొన్నారట. దాని వయసు పద్నాలుగేళ్ళు. అంటే ఉత్తరం రాసిన అమ్మాయి కంటే పెద్దదన్నమాట. లోపలి సీట్లు కొన్ని తీసేసి రెండు మంచాలు, ఒక గట్టు, అరలు, నీళ్ళ డ్రమ్ము అమర్చారట. వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ దానిలోనే వండుకుని, దానిలోనే పడుకుని, నాయనమ్మను కాశీ తీసుకువెళ్ళాలని సంకల్పం. నాయనమ్మకు మోకాళ్ళ నొప్పులు. రైలు మెట్లు ఎక్కలేదు, స్టేషన్లలో వంతెనలు దాటలేదు. ఈ బండి తప్ప ఆమెకు కాశీ చేరే దారి మరొకటి లేదట.

"నాన్న ముందు రంగు వేయిద్దామంటున్నాడు. అమ్మ ముందు బ్రేకులు చూపించమంటోంది. బాబాయి ఇంకా పెద్ద నీళ్ళ డ్రమ్ము కావాలంటున్నాడు. నాయనమ్మ తన ఆవకాయ జాడీకి చోటుంటే చాలంటోంది. ఎవరి మాట వినాలి?" ఇదీ ప్రశ్న.

మొదటే చెప్పేస్తాను, అమ్మ మాట వినాలి. ఎందుకో తెలుసుకోవాలంటే కొంచెం దూరం వెళ్ళి రావాలి.

మోటారు ఇల్లు అనగానే ఇదేదో కొత్త వింత అనుకోకండి. జర్మనీలో ఫోక్స్‌వాగన్ వ్యానులో మంచమూ, అలమారా అమర్చి అమ్మడం 1951లో మొదలైంది. అంతకు ఎన్నో తరాల ముందే మన దివిసీమ రైతుల దగ్గర గూడుబండి ఉంది. వెదురు బద్దలు వంచి, పైన చాప కప్పి, లోపల వరిగడ్డి పరిచి, దాని మీద బొంత వేస్తే అదే పడకగది. మాఘ పౌర్ణమికి హంసలదీవి తీర్థానికి కుటుంబాలన్నీ అలాగే వెళ్ళేవి. బండి కింద లాంతరు, బండి వెనక పొయ్యి, పక్కన ఎద్దులు.

ఆ ప్రయాణానికి ముందు మీ ముత్తాతలు ఏం చేసేవారో చూడండి. గూటికి కొత్త చాప కప్పడం చివరి పని. మొదటి పని చక్రం ఊడదీసి ఇరుసు చూడడం. ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన తయారుచేసి ఇరుసుకు పట్టించేవారు. ఆకులు కదులుతున్నాయా, పూటీలు విచ్చాయా, చక్రం జారిపోకుండా పట్టివుంచే చీల సరిగా ఉందా అని చేత్తో తడిమి చూసేవారు. ఇనుప పట్టా వదులైతే కమ్మరి దానిని ఎర్రగా కాల్చి, వేడికి సాగినప్పుడు చక్రానికి తొడిగి, నీళ్ళు పోసేవాడు. చల్లారగానే పట్టా కుంచించుకుని కొయ్యను బిగించేది. ఎద్దులకు కొత్త నాడాలు కొట్టించేవారు. ఇంతా అయ్యాకే చాప సంగతి. ఇప్పటి వ్యానుకు చేయవలసినదీ ఇదే వరుసలో.

ఇంతకూ గుడివాడ నుంచి కాశీ ఎంత దూరం? హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు, రీవా మీదుగా వెళితే సుమారు 1,500 కిలోమీటర్ల పైచిలుకు. ఈ దారి మనవాళ్ళకు కొత్తది కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, హైదరాబాదు చేరాక దాదాపు ఈ దారినే కాశీ వెళ్ళారు. ఆయన వెంట పల్లకీ, గుడారాలు, సామాను, దాదాపు నూరుమంది పరివారం. తిరిగి మద్రాసు చేరేసరికి 1831 సెప్టెంబరు 3. ఆయన రాసిన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. మన వ్యాను రోజుకు 250 కిలోమీటర్లు నడిచినా ఆరేడు రోజుల్లో కాశీ చేరుతుంది. కాని వీరాస్వామయ్యగారి పల్లకీకి ఒక సుగుణం ఉంది. ఘాటు దిగేటప్పుడు దానికి బ్రేకులు అక్కర్లేదు!

ఇప్పుడు బ్రేకుల సంగతికి వద్దాం. గుడివాడ, బందరు, అవనిగడ్డ అన్నీ సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. మన నేల అరచేయిలా చదునుగా ఉంటుంది. కాలువ గట్టు ఎక్కడమూ, పులిగడ్డ - పెనుమూడి వారధి ఎక్కడమూ తప్ప మన బండికి ఎత్తు అంటే ఏమిటో తెలియదు. ఇక్కడ ఏళ్ళ తరబడి తిరిగిన వ్యాను బ్రేకులు "బాగానే ఉన్నాయి" అనిపించడంలో ఆశ్చర్యం లేదు. వాటికి పరీక్ష ఎప్పుడూ రాలేదు మరి.

రీవా ఊరు సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంది. కాశీ సుమారు 80 మీటర్ల ఎత్తున ఉంది. ఆ పీఠభూమి నుంచి గంగ మైదానానికి దిగేటప్పుడు మీర్జాపూర్ జిల్లాలో డ్రమండ్‌గంజ్ ఘాటు వస్తుంది. 3 టన్నుల బరువున్న వ్యాను 200 మీటర్లు కిందికి దిగిందనుకోండి. ఆ ఎత్తులో దాగివున్న శక్తి ఎక్కడికి పోతుంది? వేగంగా మారకుండా మనం బ్రేకు తొక్కి ఆపుతున్నాం కాబట్టి అదంతా వేడిగా మారుతుంది. లెక్క కడితే ఆ వేడి 20 లీటర్ల నీళ్ళను మామూలు వేడి నుంచి మరుగు దాకా కాచగలదు! ఒక పెద్ద కాగు నిండా నీళ్ళన్నమాట. ఆ వేడిలో చాలా భాగం చక్రాల లోపల ఉండే నాలుగు చిన్న ఇనుప భాగాలే మోయాలి.

అవి వేడెక్కితే ఏమిటి నష్టం అంటారా? అక్కడే ఉంది కీలకం. మీరు తొక్కిన తొక్కుడును చక్రం దాకా మోసుకుపోయేది ఒక ద్రవం. మేస్త్రీలు దానిని బ్రేకాయిలు అంటారు గాని అది నిజానికి నూనె కాదు. ద్రవాన్ని నొక్కితే నలగదు, అందుకే ఇక్కడ నొక్కితే అక్కడ తోస్తుంది. కాని ఈ బ్రేకాయిలుకు ఒక చెడ్డ గుణం ఉంది. గాలిలో తేమను మెల్లమెల్లగా పీల్చుకుంటుంది. వానాకాలంలో అప్పడాలు మెత్తబడినట్లే. మన సముద్రతీరపు గాలిలో తేమకు కరువు లేదు కదా! డాట్ 3 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ బాగా పట్టాక 140 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే బుడగలు పుడతాయి. ద్రవం నలగదు గాని బుడగ నలుగుతుంది. అప్పుడు డ్రైవరు ఎంత తొక్కినా ఆ బలమంతా బుడగలను నలిపేందుకే సరిపోతుంది. పెడలు నేలను తాకుతుంది, బండి ఆగదు. ఘాటు సగంలో ఇలా జరిగితే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

అందుచేత పాత బ్రేకాయిలు పూర్తిగా తీసి కొత్తది పోయించాలి. రెండేళ్ళకొకసారి మార్చడం మంచి అలవాటు. డబ్బా మీద, బండి మూత మీద ఏ రకం రాసివుందో అదే పోయాలి. పొరపాటున ఇంజను ఆయిలు పోస్తే లోపలి రబ్బరు ఉబ్బి మొత్తం పాడవుతుంది. పధ్నాలుగేళ్ళ బండికి రబ్బరు గొట్టాలు కూడా పగుళ్ళిచ్చి ఉంటాయి, వాటినీ మార్పించాలి. ఇక దిగేటప్పుడు పాటించవలసిన సూత్రం ఒకటుంది. ఏ గేరులో ఘాటు ఎక్కుతుందో ఆ గేరులోనే దిగాలి. అప్పుడు ఇంజనే బండిని వెనక్కి లాగి పట్టుకుంటుంది, బ్రేకులకు ఊపిరి సలుపుతుంది. గేరు తీసేసి బండిని దొర్లించి డీజిలు మిగుల్చుకుందామనే వాళ్ళు కొందరుంటారు. మీ బాబాయి అలాంటి వారైతే, అమ్మాయీ, ఈ పేరా ఆయనకు గట్టిగా చదివి వినిపించు.

రంగు మాట. నాన్నగారిని చిన్నబుచ్చాలని కాదు గాని, కొత్త రంగు పాత తుప్పును కప్పేస్తుంది. ఇనుము, నీరు, గాలి కలిస్తే తుప్పు పుడుతుందని మీరు పాఠంలో చదివారు. నీటిలో ఉప్పు కలిస్తే ఆ పని మరింత చురుకుగా సాగుతుంది, ఎందుకంటే ఉప్పునీటిలో విద్యుత్తు తేలికగా ప్రవహిస్తుంది. బందరు, మంగినపూడి, నాగాయలంక వైపు ఆరుబయట నిలబెట్టిన బండి అడుగు భాగం ఎలా ఉంటుందో ఊహించండి. కాబట్టి ముందు బండిని పైకెత్తించి అడుగున ఛాసిస్‌ను చిన్న సుత్తితో తట్టి చూడాలి. మంచి ఇనుము ఖంగున పలుకుతుంది. తుప్పు తిన్నది బొదబొదమంటుంది. పెచ్చులు రాలుతుంటే వెల్డింగుకు ఇవ్వాలి. ఆ తరువాత తుప్పు గీకి, అడుగుకు పూత పూయించి, అప్పుడు వేయించండి పైన మీకు నచ్చిన రంగు.

పాత బండి కొనబోయే పెద్దలకు ఇక్కడే ఒక మాట. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఎన్నో బండ్లు మునిగిపోయాయి. అలా మునిగిన బండి కడిగి ఆరబెడితే పైకి ముత్యంలా ఉంటుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. స్పేరు టైరు కింద, సీట్ల ఇనుప పట్టాల సందుల్లో వేలుపెట్టి చూడండి. సన్నని ఒండ్రు తగిలితే ఆ బండి ఈతకు వెళ్ళి వచ్చిందని అర్థం.

టైర్ల దగ్గర మీకు ఒక చక్కని పని ఉంది. టైరు పక్క గోడ మీద అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉందనుకోండి. 2019వ సంవత్సరంలో 23వ వారంలో తయారైందని అర్థం. కాగితం, పెన్సిలు తీసుకుని ఆరు టైర్లయితే ఆరింటివీ, స్పేరుది కూడా రాసుకురండి. ఈ అంకెలు ఒక్కొక్కప్పుడు టైరు లోపలి వైపుకే ఉంటాయి, అప్పుడు టార్చిలైటు పట్టుకుని వంగి చూడాలి. ఇంటి వ్యాను ఏడాదిలో ఎక్కువ రోజులు నిలబడే ఉంటుంది కాబట్టి టైరు అరగదు. గాళ్ళు లోతుగా కనిపిస్తాయి, "కొత్తదే" అనిపిస్తుంది. కాని ఎండకూ గాలికీ రబ్బరు ముసలిదవుతూనే ఉంటుంది. వాడని రబ్బరు బ్యాండు సొరుగులో ఉండి ఉండి ఒకనాడు లాగగానే తెగిపోతుంది చూశారా, అలాగే. ఆరేళ్ళు దాటిన టైరును అనుమానంతో చూడాలి. పదేళ్ళు దాటితే గాళ్ళు ఎంత లోతుగా ఉన్నా కాశీ ప్రయాణానికి పనికిరాదు. ఇక గాలి కొలవడం ఎప్పుడూ పొద్దున్నే, బండి కదలకముందే. నడిచి వేడెక్కిన టైరులో గాలి వ్యాకోచించి లెక్క ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేశారంటే మరునాడు టైరు మెత్తగా ఉండి, మరింత నలిగి, మరింత వేడెక్కి పగిలేది అదే.

బాబాయిగారి నీళ్ళ డ్రమ్ము దగ్గరకు వచ్చాం. మన గూడుబండి తోలినవాళ్ళకు బరువు సంగతి బడికి వెళ్ళకుండానే తెలుసు. వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడలు పట్టేస్తుంది. ముందు బరువు ఎక్కువైతే మెడలు కుంగిపోతాయి. ఇరుసుకు అటూ ఇటూ తూకం కుదరాలి. కుప్ప నూర్పిళ్ళప్పుడు ఎత్తుగా గడ్డి వేసిన బండి కాలువ గట్టు మలుపులో ఎలా ఊగుతుందో మీరు చూసే ఉంటారు. బరువు ఎంత ఎత్తున ఉంటే అంత తేలికగా బోర్లాపడుతుంది. వ్యాను పైకప్పు మీద పెద్ద డ్రమ్ము పెట్టడమంటే గడ్డిబండి కట్టడమే. పైగా సగం నిండిన డ్రమ్ములో నీళ్ళు మలుపు మలుపుకూ ఒక పక్కకు పరుగెత్తుతాయి.

ఒక లెక్క చేద్దాం. రిజిస్ట్రేషను కాగితంలో బండి మొత్తం బరువు, అంటే మనుషులూ సామానూ అన్నీ కలిపి మోయదగినది, 3,000 కిలోలని ఉందనుకోండి. మంచాలు, అరలు బిగించిన వ్యాను 2,450 కిలోలు. ఆరుగురు మనుషులు 330. బాబాయి కోరిన 100 లీటర్ల నీళ్ళు 100 కిలోలు. బట్టలు, బియ్యం, పప్పులు, పక్కలు 120. పొయ్యి, గ్యాసు, గిన్నెలు 40. రెండో బ్యాటరీ 30. కూడండి. 3,070 వచ్చిందా? 70 కిలోలు ఎక్కువ! ఇప్పుడు ఎవరిని దింపుదాం? నాయనమ్మను దింపలేం, ప్రయాణమే ఆమె కోసం. 100 లీటర్ల బదులు 30 లీటర్ల నీళ్ళు పోసుకుని, ఎక్కడికక్కడ నింపుకుంటే 70 కిలోలు తగ్గి లెక్క సరిపోతుంది. దారి పొడుగునా పెట్రోలు బంకులున్నాయి, ఊళ్ళున్నాయి, నీళ్ళు దొరుకుతాయి. ఎడారి దాటబోవడం లేదు కదా!

ఇవి నేను ఉదాహరణకు వేసుకున్న అంకెలు. మీ బండి అసలు బరువు తెలుసుకోవడం ఎలా? గుడివాడ చుట్టుపక్కల రైసు మిల్లులున్నాయి. ధాన్యం లారీలు తూచే కాటా ఉన్నచోటికి, అందరూ ఎక్కి సామానంతా వేసుకుని వెళ్ళండి. మొదట ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేట్టు నిలిపి చీటీ తీసుకోండి. తరువాత బండి మొత్తం ఎక్కించి మరో చీటీ తీసుకోండి. రెంటికీ తేడాయే వెనక ఇరుసు మోస్తున్న బరువు. ఏ ఇరుసు ఎంత మోయవచ్చునో బండి తయారుచేసిన వారు ఒక రేకు మీద గాని, పుస్తకంలో గాని ఇస్తారు. బరువైన వస్తువులు ఎప్పుడూ కింద, రెండు ఇరుసుల మధ్య ఉండాలి.

ఆవకాయ జాడీ కూడా అందులోకే వస్తుంది. దానిని ఎత్తైన అరలో పెట్టారనుకోండి. బండి 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే జాడీ కూడా 60 కిలోమీటర్ల వేగంతో పోతోంది. బండి హఠాత్తుగా ఆగింది. జాడీకి ఎవరూ చెప్పలేదు, అది పోతూనే ఉంటుంది. న్యూటను చెప్పిన మొదటి సూత్రం ఇదే. ముందు ఎవరి తల ఉంటే వారికే ఆ పాఠం తగులుతుంది. కాబట్టి జాడీ నేలమీద, చెక్క పెట్టెలో, గుడ్డలు కుక్కి, పెట్టెను బండికి కట్టి. అలాగే బండి నడిచేటప్పుడు మంచం మీద పడుకుని ప్రయాణం చేయాలని మీకు ఉబలాటంగా ఉంటుంది. కూడదు. జాడీకి వర్తించినదే మనిషికీ వర్తిస్తుంది. ఆరుగురికీ ఆరు సీట్లు, ఆరు బెల్టులు ఉండాలి. సీట్లు తీసేసి మంచాలు వేశారని రాశావు గనుక ఇది ముందుగా సరిచూసుకోవలసిన విషయం. ఐదు సీట్లే మిగిలి ఉంటే ఒక మంచం తీసి సీటు మళ్ళీ బిగించండి. రాత్రి ఒకరు కింద పక్క వేసుకుంటారు, నష్టం లేదు.

వేసవి ప్రయాణం కాబట్టి ఇంజను వేడి గురించి కొంచెం చెప్పాలి. నాగపూరులో మే నెలలో 45 డిగ్రీల ఎండ కొత్త కాదు. రేడియేటరులో మన బోరు నీళ్ళు పోయకండి. దివిసీమలో, బందరు పరిసరాల్లో చాలాచోట్ల భూగర్భజలం ఉప్పన. ఆ ఉప్పులే సన్నని గొట్టాల్లో గారకట్టి వేడిని బయటికి పోనివ్వవు, లోహాన్నీ తింటాయి. కంపెనీ చెప్పిన కూలెంటే పోయాలి. పాత రబ్బరు గొట్టాలు, ఫ్యాను బెల్టు మార్చి, తీసిన వాటిలో బాగున్నవి వెంట ఉంచుకోవాలి. ఇంజను వేడెక్కితే బండి నీడకు తీసి ఆపి, అరగంట పైన ఆగాలి. వెంటనే రేడియేటరు మూత తిప్పారో, ప్రెషరు కుక్కరు మూత బలవంతంగా తీసినట్లే. లోపల ఒత్తిడి వల్ల నీరు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఒక్కసారిగా ఆవిరై ముఖాన కొడుతుంది. అసలు వేసవిలో తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి పదకొండు గంటలకు ఏ చెట్టు కిందో, ధాబా దగ్గరో ఆగిపోవడం బండికీ మంచిది, నాయనమ్మకూ మంచిది. వీరాస్వామయ్యగారి కాలంలో కూడా బాటసారులు చల్లపూటలే నడిచేవారు.

గ్యాసు విషయంలో మాత్రం పిల్లలు పెద్దలను ఎన్నిసార్లు విసిగించినా తప్పులేదు. వంటగ్యాసు గాలికంటే బరువైనది. కారితే పైకి పోదు, నీళ్ళలా నేలమీద పరుచుకుంటుంది. ఇంట్లోనైతే గుమ్మం సందుల్లోంచి పోతుంది. కిటికీలు పైన ఉన్న వ్యానులో అది తొట్టిలో నీళ్ళలా నిలిచిపోతుంది. సరిగ్గా మనం పడుకునే ఎత్తులోనే! అందుకే అలాంటి బండికి నేలమట్టంలో గాలి పోయే కంతలుండాలి. చిన్న 5 కిలోల సిలిండరు చాలు. దానిని నిటారుగా నిలబెట్టి, గట్టిగా కట్టి, బండి నడుస్తున్నంతసేపూ కట్టేసి ఉంచాలి. కారుతోందేమోనని అగ్గిపుల్ల గీసి చూసే మహానుభావులు ఇప్పటికీ ఉన్నారు. సబ్బునురుగు రాసి చూస్తే చాలు, కారేచోట బుడగలు లేస్తాయి. వంట బండి బయటే చేసుకోవడం మంచిది. తలుపులు మూసుకుని లోపల పొయ్యి గాని, కుంపటి గాని వెలిగించి పడుకోకూడదు. ఇంజను నడుస్తుండగా కూడా నిద్రపోకూడదు. కార్బన్ మోనాక్సైడు అనే వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారిని లేపకుండానే ప్రాణం తీస్తుంది.

కరెంటు సంగతి క్లుప్తంగా. 60 వాట్ల ఫ్యాను 12 వోల్టుల బ్యాటరీ మీద 5 ఆంపియర్లు తాగుతుంది. 100 ఆంపియర్-గంటల మామూలు బ్యాటరీని సగం దాకానే వాడాలి, అంటే ఆ ఫ్యాను పది గంటలు తిరుగుతుంది. ఒక రాత్రికి సరిపోయింది. పొలాల పక్కన నిలబెట్టిన బండిలో ఎలుకలు తీగలు కొరికి ఉంటాయి, తీగ తీగా చూపించండి. ఫ్యూజు పోతే దాని స్థానంలో రాగితీగ చుట్టే అలవాటు ఉన్న మేస్త్రీ దగ్గరికి రెండోసారి వెళ్ళకండి.

కాగితాలు కూడా చూసుకోవాలి. బండి లోపల ఇలాంటి మార్పులు చేస్తే రవాణా శాఖ అనుమతి తీసుకుని రిజిస్ట్రేషనులో రాయించుకోవాలి, లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా చిక్కుల్లో పడుతుంది. సొంత బండికి మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్ళ దాకానే. తరువాత పరీక్ష చేయించి ఐదేళ్ళకు పొడిగించుకోవాలి. మీ వ్యానుకు పద్నాలుగు నడుస్తున్నాయి కాబట్టి నాన్నగారు తేదీ చూసుకోవాలి.

ఇవన్నీ అయ్యాక కూడా తిన్నగా కాశీ దారి పట్టకండి. ముందు ఒక శనివారం చిన్న ప్రయాణం చేయండి. గుడివాడ నుంచి గుడ్లవల్లేరు, పెడన మీదుగా బందరు. అక్కడ లడ్డూలు కొనుక్కుని, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరి, కోడూరు మీదుగా హంసలదీవి. ఆ రాత్రి ఊళ్ళో ఎవరినైనా అడిగి మంచి చోటు చూసుకుని బండిలోనే పడుకోండి. కాశీకి తీసుకువెళ్ళే సామానంతా, ఆ ఆరుగురూ, ఆ జాడీ కూడా ఉండాలి సుమా! ఏ తలుపు కిర్రుమంటుందో, ఏ అర జారుతుందో, దోమతెర ఎక్కడ చాలదో, నాయనమ్మ మెట్టు ఎక్కడానికి ఎంత ఎత్తు పీట కావాలో ఆ ఒక్క రాత్రిలో తెలిసిపోతుంది. మరునాడు పొద్దున అక్కడే ఒక చక్రం విప్పి స్పేరు చక్రం బిగించి చూడండి. మీ జాకీ నిండు బండిని లేపగలదో లేదో హంసలదీవిలో తెలిస్తే నవ్వుకోవచ్చు. తిరిగి వచ్చాక, ఆ చక్రం నట్లు మళ్ళీ ఒకసారి బిగించాలి. కొత్తగా బిగించినవి కొంత దూరం నడిచాక కాస్త వదులవుతాయి.

ఆ రాత్రి పిల్లల పని ఇంకొకటుంది. ఇంటి ముందు బండి ఆపాక దాని కింద ముందు నుంచి వెనకదాకా పాత వార్తాపత్రికలు పరిచి, ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టండి. తెల్లారి లేచి చూడండి. నల్లని జిడ్డు మరక ఇంజను ఆయిలు. ఆకుపచ్చగానో, గులాబిరంగుగానో తియ్యని వాసన వేస్తే కూలెంటు. అది విషం, వేలితో ముట్టి నాలుకకు రాసుకోకండి, కుక్కలను దగ్గరికి రానివ్వకండి. చక్రం పక్కన లేత పసుపు రంగు తడి ఉంటే అది బ్రేకాయిలు కావచ్చు, ఆ రోజు బండి కదలకూడదు. ఏ మరక ఏ భాగం కింద పడిందో పెన్సిలుతో రాసి, ఆ కాగితం మడిచి మేస్త్రీ చేతికివ్వండి.